నిద్ర జామీను

జామీను రుసుము డబ్బుతో జిల్లా కోర్టు ముందు ఫౌంటెన్ కట్టారు. కొనవలసిన యంత్రం కొనలేదు. అందువల్ల నా భార్య నాంచారమ్మ చనిపోయింది. ఇందులో చర్చ లేదు. డాక్టర్లు కాగితంలో గుండె అని రాశారు. రాసుకోనివ్వండి.

నేను చింతలమెరక బడిలో ఏడో తరగతి వరకు చదివాను. జిల్లా కేంద్రంలోని ప్రయోగశాలలో మేకల షెడ్డు నా పని. మేత వెయ్యడం, పెంట ఎత్తడం, డాక్టర్ ఇందుమతి గారు చెప్పినప్పుడు మేకను కదలకుండా పట్టుకోవడం. జామీను గింజ పుట్టింది ఆ షెడ్డులోనే.

అది బియ్యపు గింజంత ఉంటుంది. చెవి వెనక చర్మం కింద పెడతారు. ఒకే తల్లికి పుట్టిన రెండు మేకలకు చెరొకటి పెట్టి, షెడ్డు మధ్యలో సున్నంతో గీత గీశారు.

"పుల్లయ్యా, ఎర్రదాన్ని గీత దాటించు" అన్నారు ఇందుమతి గారు.

దాటించాను. దానికేమీ కాలేదు. అవతల కూడా గడ్డి తిన్నది. ఇవతల పడుకుని నెమరు వేస్తున్న నల్లమేక మాత్రం లేచి నిలబడింది. మళ్ళీ పడుకోలేదు. మర్నాడు పొద్దున నేను షెడ్డు తీసేసరికి అలాగే నిలబడి ఉంది. నెమరు ఆగిపోయింది. ఎర్రదాన్ని చెవి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాను. నల్లది మోకాళ్ళ మీద కూలబడి, నా చెయ్యి దాని తల మీద ఉండగానే నిద్రపోయింది.

"దాటింది అదైతే శిక్ష దీనికేంటమ్మా?" అని అడిగాను.

"పారిపోయేవాడికి తన ఒంటి మీద భయం ఉండదు పుల్లయ్యా. ఇంట్లోవాళ్ళ గురించి ఉంటుంది. నొప్పేమీ ఉండదు. నిద్ర పట్టదు, అంతే."

అంతే అన్న మాట ఆవిడ సులువుగా అంది.

గింజ రాకముందు కోర్టు అరుగు మీద జామీనుదారులు కూర్చునేవారు. పొలం పాసుపుస్తకం చూపించి, ముక్కూమొహం తెలియనివాడికి పూచీ పడి, కూలి పుచ్చుకునేవారు. ముద్దాయి వాయిదాకు రాకపోతే జప్తు చేసేది ఆ పొలాన్నే. వెళ్ళి చూస్తే అక్కడ పొలం ఉండదు, చెరువో శ్మశానమో ఉంటుంది. నిజంగా పేదవాడికి మాత్రం పూచీ దొరక్క, చిన్న కేసుకు కూడా జైల్లో ఏళ్ళు గడిచేవి. గింజతో ఈ బాధ తీరుతుందన్నారు. పొలం అక్కరలేదు. రక్తసంబంధీకులు ఒకరు ఒంటిని పూచీ పెట్టాలి. నెలనెలా రుసుము కట్టాలి. ముద్దాయి జిల్లా హద్దు దాటకూడదు. రుసుమంతా ఒక నిధిలో పడుతుంది. ఆ నిధిలోంచి ప్రతి జిల్లాకూ విడుపు యంత్రం కొంటారు. జతను విడదీయాలన్నా, హద్దు మార్చాలన్నా ఆ యంత్రమే చెయ్యాలి. ఇందుమతి గారు ఆ షరతు మీదే గింజను ప్రభుత్వానికి ఇచ్చారు. చట్టంలో ఆ మాట ఉంది. చట్టంలో చాలా మాటలుంటాయి.

నాంచారమ్మ రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి వెళ్ళేది. మాకు పిల్లలు లేరు. తల్లి పోయినప్పుడు చంకనెత్తుకున్న తమ్ముడు తాతారావునే ఆమె బిడ్డలా పెంచింది. వాడు రాళ్ళకోడు అవతల గుల్లలలంకలో రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నాడు. రాళ్ళకోడు అంటే మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్యనున్న మురుగుకాలువ. గట్టిగా కేక వేస్తే ఇవతలకు వినిపిస్తుంది.

చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లకు దొంగ కరెంటు లాగాడని, అడగవచ్చిన లైన్‌మన్‌ను చెరువులోకి నెట్టాడని వాడి మీద కేసు పెట్టారు. దొంగ కరెంటు నిజమే. నెట్టలేదని వాడన్నాడు. నేను నమ్మలేదు.

జామీనుకు అక్క పేరు చెప్పాడు. నేను ఇంట్లో మేకల సంగతంతా చెప్పాను.

"నల్లమేక రాత్రంతా నిలబడే ఉందే. నా కళ్ళతో చూశాను."

"మేకకేం తెలుసయ్యా, అది గడ్డి కోసం ఎటైనా పోద్ది. నా తమ్ముడు గీత దాటడు. నేను పెంచినోడు."

"నువ్వు పెంచావు కాబట్టే నా భయం."

"ఏం, నా పెంపకానికేవొచ్చింది? నిన్ను మీ అమ్మ పెంచింది. ఎవరైనా మెచ్చుకున్నారా?"

ఆమె నోటితో నేను ఎప్పుడూ గెలవలేదు.

కోర్టులో గింజ పెట్టే నర్సు, మామూలుగా నిద్ర బాగా పడుతుందా అని అడిగింది. నాంచారమ్మ చెప్పేలోపే తాతారావు అందుకున్నాడు. "మా అక్కకాండీ? నిలబడి నిద్రపోద్దండి. ఓసారి రొయ్యల షెడ్డు లారీలో అలాగే నిద్రపోయి పాలకొల్లులో తేలింది. ఆళ్ళు మంచుపెట్టెలతో పాటు దింపేశారు."

నర్సు నవ్వింది. నాంచారమ్మ వాడి వీపు మీద ఒకటి చరిచి, తనూ నవ్వింది. అది నిజమే. తల దిండుకు ఆనితే చాలు, గురక మొదలయ్యేది. ముప్పై ఏళ్ళు ఆ గురకను తిట్టుకున్నాను.

ఏడాది ఏమీ కాలేదు. వాడు హద్దు దాటలేదు. ఆమె గింజ సంగతే మరిచిపోయింది.

అప్పుడు జిల్లాను రెండు ముక్కలు చేశారు. రాళ్ళకోడు వెంట గీత గీశారు. మా చింతలమెరక పాత జిల్లాలో ఉంది. గుల్లలలంక కొత్త జిల్లాలోకి పోయింది. కొత్త జిల్లా వచ్చిందని అవతల బాణసంచా కాల్చారు. తాతారావు కూడా కాల్చాడు. భూముల ధరలు పెరుగుతాయని వాడి ఆశ. ఆ చప్పుడు మా ఇంట్లోకి వినిపించింది.

ఆ రాత్రి నాంచారమ్మకు నిద్ర పట్టలేదు. బాణసంచా వల్ల అనుకుంది. మర్నాడు రాత్రి కూడా పట్టలేదు. కాఫీ వల్ల అనుకుంది. మూడో నాటి పొద్దున నేను లేచేసరికి ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. తోమినవే మళ్ళీ తోమిందట. కూర్చోమంటే కూర్చుని వెంటనే లేచింది.

ఆ నిలబడడం నాకు తెలుసు.

సైకిలెక్కి కోడు దాటి తాతారావును చెరువు గట్టు మీద పట్టుకున్నాను. వాడు తన కొట్టంలో తన నులకమంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గింజ లెక్కలో మాత్రం పరారీలో ఉన్నాడు.

"నేనెక్కడికీ పోలేదు బావా! నీ మీదొట్టు. మేత బస్తాకి కూడా ఊరు దాటలేదు."

"తెలుసు. లే. మా ఇంటికి పద."

వాడు కోడు వంతెన దాటి ఇవతల అడుగు పెట్టాడు. మేము ఇల్లు చేరేసరికి నాంచారమ్మ వాకిట్లో చీపురు పట్టుకునే నేల మీద పడి గురక పెడుతోంది. ఇరుగుపొరుగు మూగి నీళ్ళు చల్లుతున్నారు. లేపకండి అని అరిచాను.

తాతారావు మా ఇంట్లోనే ఉండిపోయాడు. రాత్రుళ్ళు చెరువును చూడడానికి కూలిమనిషిని పెట్టాడు. సోమవారం అర్జీల రోజున నేను పాత జిల్లా నిధి కార్యాలయానికి వెళ్ళాను. వాణ్ణి కూడా తీసుకెళ్ళాను. నిధి అధికారి పేరు మోహనకృష్ణ. మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించాడు.

కంప్యూటర్ తెర మీద చూసి "మీ బావమరిది పరారీలో పడ్డాడండీ" అన్నాడు.

"బయట బెంచీ మీద ఉన్నాడండి. పిలవమంటారా?"

"ఇప్పుడు ఉన్నాడు. కానీ ఆయన ఇల్లు హద్దు అవతల ఉంది. ఇంటికి వెళ్తే మళ్ళీ పరారీయే."

"వాడు కదల్లేదండి. జిల్లా కదిలింది."

ఆయన నవ్వాడు. బాగా చెప్పారన్నాడు.

"అయితే హద్దు మార్చండి" అన్నాను.

"ఇల్లు కొత్త జిల్లాలో ఉంది కాబట్టి ఫైలు అక్కడికి పంపేశాం. వాళ్ళే మార్చాలి."

"అక్కడ యంత్రం లేదటండి. అడిగొచ్చాను."

"ఉండదు. నిధి పంపకం వసూలును బట్టి జరుగుతుంది. ఏ జిల్లాలో వసూలైంది ఆ జిల్లాకే. వాళ్ళకు వసూళ్ళు లేవు, వాటా లేదు. వాటా లేనిదే యంత్రం ఎలా కొంటారు?"

"తాతారావు ఈ నెల రుసుము కట్టాడండి. అది ఎటు పోయింది?"

"ఇక్కడికే. బాండు రాసింది ఇక్కడ కదా."

"మరి ఇక్కడి యంత్రంతో మార్చండి. ఆ గదిలోనే ఉంది కదా."

"ఉంది. ఫైలు లేదు."

కిటికీలోంచి కోర్టు ఆవరణ కనిపిస్తోంది. మనుషులు ఫౌంటెన్ చుట్టూ రంగుదీపాలు బిగిస్తున్నారు. అది కూడా నిధిదేనా అని అడిగాను. ఆయన దాచలేదు. ఏడాది తిరిగేలోగా వాటా ఖర్చు చూపించకపోతే వచ్చే ఏడాది కోత పెడతారని చెప్పాడు. యంత్రం ఒకటి ఉంది, రెండోది కొనడానికి నిబంధన లేదు, కాబట్టి ఫౌంటెన్. పోలీసులకు రెండు జీపులు. కార్ల నీడకు ఒక షెడ్డు. నాకు టీ తెప్పించాడు. తాగకుండా లేచాను.

బయటికొస్తే తాతారావు ఫౌంటెన్ చూస్తూ నిలబడి ఉన్నాడు. "నా డబ్బులే బావా" అన్నాడు. "ఎంత ఎత్తు పోతందో చూడు."

ఆ తరువాత ప్రతి సోమవారం వెళ్ళాను. ఇటు, అటు. కొత్త జిల్లా కార్యాలయం ఒక కల్యాణమండపంలో పెట్టారు. అక్కడి గుమస్తా నన్ను చూడగానే చేతులు జోడించేవాడు.

ఇందుమతి గారిని కూడా అడిగాను. ఆవిడ మేకల షెడ్డులోకి వచ్చి మూత వేసిన మేత డబ్బా మీద కూర్చున్నారు.

"గింజ తీసెయ్యండమ్మా. మేకలకు తీశారు కదా. నేను పట్టుకున్నాను."

"మేకల గింజకు తాళం లేదు పుల్లయ్యా. మనుషుల గింజకు పెట్టారు. తాళం నిధి కార్యాలయం చేతిలో ఉంది. తాళం తియ్యకుండా లాగితే..."

"ఏమవుతుందో చెప్పండి."

"ఒక మేకకు తాళం గింజ పెట్టి, అలా లాగి చూశాం. నువ్వు సెలవులో ఉన్నావు. నిద్రపోయింది. లేవలేదు."

ప్రభుత్వానికి ఉత్తరాలు రాస్తున్నానన్నారు. జవాబులు వస్తున్నాయన్నారు. ఆవిడకు కళ్ళ కింద నల్లచారలు వచ్చాయి. ఆవిడకూ నిద్ర ఉండడం లేదట. నేను జాలిపడలేదు. ఆవిడ పడుకుంటే పడుతుంది.

ఇంట్లో రోజులు అలా గడిచాయి. నాంచారమ్మ తమ్ముడికి చేపల పులుసు వండి పెట్టేది. వాడు తిని, అరుగు మీద కూర్చుని, కోడు వైపు చూసేవాడు. చెరువులో రొయ్య పెరుగుతోంది. పట్టుబడి దగ్గరపడింది. అంతలో కూలిమనిషి తాగి పడుకుని ఒక రాత్రి ఏరేటర్లు ఆపేశాడు. గాలి చాలక రొయ్యలు పైకి తేలాయి. తెల్లారేసరికి చెరువులో ఒక మూల తెల్లగా అయిపోయింది. మిగతావి బతికాయి. తాతారావు ఆ సంగతి విని అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"ఎల్లరా" అంది నాంచారమ్మ. "పట్టుబడి అయ్యేదాకా నువ్వే దగ్గరుండు."

"నీ సంగతో?"

"మొన్న మూడు రాత్రులు ఉన్నాగా. సచ్చానా?"

"వద్దు" అన్నాను నేను.

"నువ్వూరుకో అయ్యా. చెరువు పోతే వాడు అప్పులోళ్ళకి ఏం చెప్పుకుంటాడు? అప్పుడు నిజంగానే పారిపోతాడు. అప్పుడు నాకు జన్మలో నిద్రుండదు."

వాడి వైపు చూశాను. ఆ క్షణంలో వాడు ఉండిపోతానని అనాలి. అనలేదు. చెప్పులు వేసుకున్నాడు.

రెండు రాత్రులు అన్నాడు. పట్టుబడి లారీ రాలేదు. వాన పట్టి, రెండు రాత్రులు కాస్తా వారం దాటాయి. నాంచారమ్మ మొదట ఇల్లంతా అలికింది. తరువాత అలికిన చోటే మళ్ళీ అలికింది. పులుసులో రెండుసార్లు ఉప్పు వేసి, నేను తింటుంటే నా మొహం చూసి, ఎందుకు తింటున్నావని నన్నే తిట్టింది. మాత్రలు మింగితే కళ్ళు మూతలు పడేవి, లోపల మెలకువ అలాగే ఉండేది. మూసిన రెప్పల కింద గుడ్లు తిరుగుతూ కనిపించేవి. చనిపోయిన తల్లి పెరట్లో నిలబడి ఉందని, లోపలికి రమ్మంటే రావడం లేదని చెప్పింది. ఆఖరుకు నా పేరు అడిగింది. చెప్పాను. మంచి పేరే అంది.

పక్కింటావిడను కూర్చోబెట్టి, వానలో చెరువు దగ్గరకు వెళ్ళాను. తాతారావు నవ్వుతూ ఎదురొచ్చాడు. "రేపు లారీ వస్తంది బావా. మంచి సైజు పడింది. అక్కకి కూడా చెప్పాను."

"అక్కను చంపుతున్నావురా" అన్నాను.

వాడి నవ్వు ఆగింది. "అదేంటి బావా? నిద్ర పడతందిగా. గింజ పాడైపోయినట్టుంది, పడుకుంటన్నాను అని అక్కే చెప్పింది. పొద్దున్న కూడా ఫోన్ చేసింది. నువ్వు పనిలో ఉన్నావంది."

నేను షెడ్డుకు వెళ్ళినప్పుడల్లా ఆమె వాడికి ఫోన్ చేసి, హాయిగా నిద్రపోతున్నానని అబద్ధం చెప్పింది. ఆవలించి మరీ వినిపించిందట.

"నువ్వు నమ్మావా?" అన్నాను.

వాడు చెరువు వైపు చూశాడు. ఏరేటర్లు తిరుగుతున్నాయి. నమ్మాడో, నమ్మడం లాభమనిపించి నమ్మాడో నాకు తెలియదు. నాకు రెండూ ఒకటే.

ఇద్దరం వంతెన వైపు పరిగెత్తాం. వాడు కోడు దాటిన సంగతి గింజకు తెలిసే ఉంటుంది. మేము వెళ్ళేసరికి నాంచారమ్మ చాప మీద పడుకుని ఉంది. పక్కింటావిడ నోటి మీద వేలు పెట్టుకుని, ఇప్పుడే నిద్రపట్టింది, చప్పుడు చెయ్యకండి అంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. గురక లేదు.

అంత్యక్రియలకు తాతారావు వచ్చాడు. పోలీసులు కూడా వచ్చి శ్మశానం బయట జీపు ఆపుకున్నారు. కొత్త జీపు. పూచీ మనిషి చనిపోతే జామీను రద్దు. వాడికి రక్తసంబంధం ఇంకెవరూ మిగల్లేదు. స్నానం చేసిందాకా ఆగి, తడిబట్టలతోనే ఎక్కించుకున్నారు. జీపెక్కే ముందు వాడు నా కాళ్ళ మీద పడబోయాడు. నేను వెనక్కి జరిగాను. వాడి రొయ్యలను అప్పులవాళ్ళు పట్టుకుపోయారు. కేసు ఇంకా నడుస్తోంది.

మొన్న ఇందుమతి గారు మా ఇంటికొచ్చారు. నిధి పంపకం మీద రాజధానిలో విచారణ సంఘం వేశారట. విడగొట్టిన జిల్లాలన్నిటిలో ఇలాంటి జతలు ఉన్నాయట. మనుషులు ఇంకా నిలబడే ఉన్నారట.

"మీరొచ్చి నోటితో చెబితే వాళ్ళు వింటారు పుల్లయ్య గారూ" అన్నారు. ఇదివరకు గారు అనేవారు కాదు. "నేను చెబితే లెక్కలంటారు. మీరు చెబితే పంపకం మారవచ్చు."

"మారుతుందా?"

ఆవిడ అబద్ధం చెప్పలేకపోయారు. "మారవచ్చు" అని మళ్ళీ అన్నారు. సంఘం సభ్యుల దారిఖర్చులు, బస ఖర్చులు ఎవరు పెడుతున్నారని అడిగాను. ఆవిడ తల వంచుకున్నారు. నిధిలోంచే.

నాంచారమ్మ బతికుండగా నేను ప్రతి సోమవారం చెప్పాను. రెండు జిల్లాలకూ చెప్పాను. కుర్చీ వేసి విన్నారు. చెప్పవలసినదంతా అప్పుడే అయిపోయింది. నిలబడి ఉన్నవాళ్ళ సంగతి నాకు తెలుసు. ఎలా నిలబడతారో కూడా తెలుసు. అయినా రాను.

ఈ కాగితాలు రాసి ఆవిడ చేతిలో పెట్టాను. చదువుకునేవాళ్ళు చదువుకోండి. ఈ సంగతి అడగడానికి ఇందుమతి గారొచ్చినా, సంఘం వచ్చినా, జైలునుంచి తాతారావే వచ్చినా నేను తలుపు తియ్యను. నాంచారమ్మ ఎలా పోయిందో నా నోటితో ఇక ఎవరికీ చెప్పను.